మాండ్రెల్ మీది అంకె, మెడలోని అంకె

అరంగుళం ఇనప పైపుని ఎప్పుడైనా కొలిచి చూశారా? బయటి వ్యాసం 21.3 మిల్లీమీటర్లు ఉంటుంది. లోపలి వ్యాసం, పైపు మందాన్ని బట్టి, 15-16 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. అసలు అరంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లే. లోపలా లేదు, బయటా లేదు, ఆ పైపులో ఎక్కడా అరంగుళం లేదు! 'అరంగుళం' అనేది దాని పేరు, అంతే. ప్లంబర్లకి ఈ సంగతి బాగా తెలుసు కాబట్టి వాళ్లకి ఇబ్బంది రాదు.

మన పోలీసుల భుజాన దశాబ్దాల పాటు చూసిన త్రీ నాట్ త్రీ రైఫిల్‌దీ ఇదే కథ. బ్యారెల్ లోపల మెలికలు తిరిగిన గాడులు ఉంటాయి కదా, ఆ గాడుల మధ్య మిట్టల దగ్గర కొలిస్తే వచ్చేది 0.303 అంగుళం. అందులోంచి వెళ్లే బుల్లెట్ వ్యాసం మాత్రం 0.311 అంగుళం దగ్గర ఉంటుంది. పేరు చూసి పనిముట్టు కొన్నవాడు అక్కడే తప్పులో కాలేస్తాడు.

ఈ వారం మన కబుర్లు అలాంటి ఓ చిన్న పనిముట్టు గురించి. దాని పేరు మాండ్రెల్. చూడ్డానికి పెన్సిల్ ముక్కంత ఉక్కు కడ్డీ. అమెరికాలో తూటాల్ని ఇంట్లోనే మళ్లీ నింపుకునే టార్గెట్ షూటర్లు దీని మీద గంటల తరబడి వాదించుకుంటారు. వాళ్ల వాదన అంతా 0.0005 అంగుళం గురించి. మిల్లీమీటర్లలో 0.0127. ఇంటర్ ఫిజిక్స్ ల్యాబ్‌లో మనం వాడిన స్క్రూగేజి కనిష్ఠ మాపనం 0.01 మిల్లీమీటరు అని గుర్తుందా? దాదాపు అక్కడికే వచ్చి ఆగింది కథ. ఇంత చిన్న తేడాని కొనొచ్చు. కానీ కొలవగలమా? కొలిచినా దానివల్ల ఏమన్నా ఒరుగుతుందా? అసలు ప్రశ్నలు ఇవీ.

ఇది తుపాకుల ముచ్చట కదా, మనకెందుకు అనుకోకండి. చేతిలో ఉన్న పరికరం ఎంత తేడాని చూడగలదో తెలియకుండా ఆ తేడా కోసం డబ్బు తగలేయడం అన్ని రంగాల్లోనూ ఉంది. మా సాఫ్ట్‌వేర్‌లో అయితే మరీనూ.

ముందు చట్టం సంగతి

టెక్సస్‌లో ఉండే మా అన్నయ్య వరస ఆయన ఒకాయనకి ఈ హాబీ ఉంది. ఆయనకి సిటిజన్‌షిప్ వచ్చింది కాబట్టి ఆయన సంగతి వేరు. నేను హెచ్‌-1బి మీద ఉన్నవాణ్ణి. హెచ్‌-1బి, ఎఫ్‌-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీగానీ, తూటాగానీ దగ్గర పెట్టుకోకూడదని అమెరికా ఫెడరల్ చట్టం చెబుతుంది. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు మాత్రం ఉన్నాయి. ఇంకో మెలిక చూడండి. ఆ చట్టం ప్రకారం 'తూటా' అనే మాటలోకి ఖాళీ ఇత్తడి గొట్టం కూడా వస్తుంది. అందుకే ఆయన గరాజ్‌లో నేను ముట్టుకునేవి మాండ్రెల్స్, మైక్రోమీటరు, ఎక్సెల్ షీటు. అంతే.

ఇండియాలో అయితే 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం నేరం. తూటా విడిభాగాలు కూడా ఆ చట్టం దృష్టిలో తూటాల కిందే లెక్క. కాబట్టి అక్కడి రేంజ్‌లో దొరికిన ఖాళీ గొట్టాన్ని జ్ఞాపకంగా ఉంటుందని సూట్‌కేసులో పడేసుకుని శంషాబాద్‌లో దిగకండి. ఇక అసలు విషయానికి వద్దాం.

గొట్టం, మెడ, పట్టు

తూటాలో నాలుగు భాగాలుంటాయి. ఇత్తడి గొట్టం (దీన్నే కేస్ అంటారు), అడుగున నిప్పు రాజేసే ప్రైమర్, లోపల మందు, పైన బుల్లెట్. పేల్చినప్పుడు బుల్లెట్ వెళ్లిపోతుంది, మందు కాలిపోతుంది, ప్రైమర్ పని అయిపోతుంది. కేస్ మాత్రం మిగులుతుంది. దాన్ని మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. అందుకే ఈ హాబీ పుట్టింది. మొదట పొదుపు కోసం మొదలుపెడతారు, తర్వాత అన్ని తూటాలూ ఒకేలా ఉండాలన్న పట్టుదలతో కొనసాగిస్తారు. ఆ రెండో దశకి వచ్చాక పొదుపు అన్నమాట ఎవరూ ఎత్తరు.

పేలినప్పుడు లోపలి ఒత్తిడికి కేస్ ఉబ్బి రైఫిల్ గది గోడలకి ఆనుకుంటుంది. బయటికి తీశాక బుల్లెట్ పట్టుకునే మెడ భాగం వదులైపోయి ఉంటుంది. కొత్త బుల్లెట్ పెడితే గిన్నెలో గోళీలా అటూ ఇటూ ఆడుతుంది. కాబట్టి ముందు ఆ మెడని బిగించాలి.

ఎంత బిగించాలి? ఇక్కడ గాజుల షాపు గుర్తు తెచ్చుకోండి. టూ ఫోర్, టూ సిక్స్, టూ ఎయిట్ అని అడుగుతారు కదా. టూ ఫోర్ అంటే లోపలి వ్యాసం రెండు అంగుళాల మీద పదహారింట నాలుగు వంతులు. చేతికన్నా గాజు కొంచెం చిన్నదైతే బిగుతుగా కూర్చుంటుంది. పెద్దదైతే జారిపోతుంది. తూటా మెడా అంతే. బుల్లెట్ వ్యాసం కన్నా మెడ లోపలి వ్యాసం కాస్త తక్కువ ఉండాలి. ఆ తేడాని షూటర్లు 'నెక్ టెన్షన్' అంటారు. గాజుల్లో ఒక సైజుకీ పక్క సైజుకీ మధ్య మూడు మిల్లీమీటర్ల పైచిలుకు తేడా. ఇక్కడ మొత్తం ఆట అంగుళంలో వెయ్యో వంతుల్లో నడుస్తుంది. ఆ వెయ్యో వంతునే లేత్ షాపుల్లో 'థౌ' అంటారు. విజయవాడ ఆటోనగర్‌లో ఇంజిన్ బోరింగ్ చేయించినవాళ్లకి 'ఇరవై థౌ ఓవర్‌సైజ్ పిస్టన్' లాంటి మాటలు కొత్తేం కాదు.

పట్టు మరీ తక్కువైతే మ్యాగజైన్‌లోంచి గదిలోకి వెళ్లేటప్పుడు తగిలిన దెబ్బకి బుల్లెట్ లోపలికి దిగిపోవచ్చు. అలా దిగితే లోపల ఖాళీ తగ్గి, పేలినప్పుడు ఒత్తిడి పెరుగుతుంది. అది ప్రమాదం. పట్టు ఒక్కో తూటాకి ఒక్కోలా ఉంటే బుల్లెట్ బయల్దేరే వేగం కూడా మారే అవకాశం ఉంటుంది. వెయ్యి గజాల దూరంలో, అంటే 914 మీటర్ల దగ్గర, వేగంలో సెకనుకి 10 అడుగుల తేడా వస్తే బుల్లెట్ తగిలే చోటు సుమారు రెండు మూడు అంగుళాలు పైకో కిందకో జరుగుతుంది. ఎఫ్‌-క్లాస్ పోటీల్లో ఆ దూరానికి పెట్టే లక్ష్యంలో నట్టనడుమ ఉండే ఎక్స్ వలయం వ్యాసం ఐదంగుళాలు. ఇప్పుడు అర్థమైంది కదా, వీళ్లు థౌ గురించి ఎందుకు కొట్టుకుంటారో.

మాండ్రెల్ చేసే పని

మెడని బిగించే డై బయటినుంచి నొక్కుతుంది. చిక్కేమిటంటే ఇత్తడి గోడ మందం చుట్టూరా ఒకేలా ఉండదు. ఒకవైపు 14 థౌ ఉంటే ఇంకోవైపు 15 ఉండొచ్చు. బయటినుంచి నొక్కితే బయట నున్నగా గుండ్రంగా వస్తుంది, ఆ ఎగుడుదిగుడంతా లోపలివైపుకి పోతుంది. బుల్లెట్ కూర్చునేది లోపలే!

మామూలు డైలలో ఇందుకోసం ఓ ఉక్కు గుండు ఉంటుంది. కేస్‌ని బయటికి లాగేటప్పుడు అది మెడలోంచి ఈడ్చుకుంటూ వస్తుంది. పని జరుగుతుంది గానీ, సరిగ్గా జిడ్డు రాయకపోతే మెడని సాగదీస్తుంది, ఒక్కోసారి పక్కకి లాగేస్తుంది. మాండ్రెల్ ఇందుకు తిరగేసిన పద్ధతి. ముందు డైతో మెడని కావలసినదానికన్నా కొంచెం ఎక్కువే బిగిస్తారు. తర్వాత మాండ్రెల్‌ని పైనుంచి మెడలోకి నెమ్మదిగా దింపి, కావలసిన సైజుకి తెరుస్తారు. ఈసారి లోపల గుండ్రంగా వస్తుంది, ఎగుడుదిగుళ్లు బయటికి పోతాయి. అవి బయట ఉంటే మనకి పెద్దగా నష్టం లేదు.

మాండ్రెల్స్ అర థౌ తేడాతో వరసగా దొరుకుతాయి. మామూలు ఉక్కువి, పైన టైటానియం నైట్రైడ్ పూత వేసినవి, కార్బైడ్‌వి ఉంటాయి. ఒక్కోదానికి కొన్ని పదుల డాలర్లు. మొత్తం సెట్టు కొంటే జేబుకి గట్టిగానే తెలుస్తుంది.

మా అన్నయ్య నన్ను అడిగిన ప్రశ్న ఇదీ: "తమ్ముడూ, నా బుల్లెట్ 0.264. నాకు రెండు థౌ టెన్షన్ కావాలి. 0.262 మాండ్రెల్ తీసుకుంటే సరిపోతుంది కదా?"

తీసివేత లెక్క కరెక్టే. జవాబు మాత్రం కాదు.

వదిలితే వెనక్కొచ్చే లోహం

ఇనప తీగని కొంచెం వంచి వదలండి. పూర్తిగా మనం వంచిన చోట ఉండదు, కాస్త వెనక్కి వస్తుంది. ఇత్తడీ అంతే. 0.262 మాండ్రెల్ మెడలో ఉన్నంతసేపూ మెడ లోపలి వ్యాసం 0.262 ఉంటుంది. మాండ్రెల్ బయటికి రాగానే మెడ మళ్లీ కొంచెం ముడుచుకుంటుంది. దీన్నే స్ప్రింగ్ బ్యాక్ అంటారు. మామూలుగా అర థౌ నుంచి ఒక థౌ దాకా ఉంటుంది. అంటే ఆయనకి వచ్చేది 0.2615 కావచ్చు, 0.261 కావచ్చు. అడిగింది రెండు థౌ, వచ్చేది రెండున్నరో మూడో.

"మరి 0.2625 తీసుకోవాలంటావా?" అన్నాడు.

"కావచ్చు అన్నయ్యా. నీ ఇత్తడి ఎంత వెనక్కొస్తుందో చూడకుండా ఏ అంకె చెప్పినా అది జోస్యమే అవుతుంది."

ఎందుకంటే స్ప్రింగ్ బ్యాక్ అనేది మాండ్రెల్ గుణం కాదు, ఇత్తడి గుణం. ఎంత గట్టిపడిన ఇత్తడి, ఎంత మందం గోడ, డై ముందు ఎంత బిగించింది, వీటన్నిటినీ బట్టి మారుతుంది. ఇద్దరు షూటర్లు ఒకే మాండ్రెల్ కొన్నా ఇద్దరికీ ఒకే మెడ రాదు. కాబట్టి పక్కవాడి అంకె మీకు మొదలుపెట్టడానికి పనికొస్తుంది, ముగించడానికి కాదు.

ఇత్తడి జ్ఞాపకం

తూటాల ఇత్తడిలో 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు. వంచిన కొద్దీ గట్టిపడే లోహం ఇది. పెంబర్తిలో ఇత్తడి రేకు మీద బొమ్మలు తీర్చేవాళ్లు కాసేపు కొట్టి, రేకు మొండికేయగానే వేడి చేసి మెత్తబరిచి, మళ్లీ కొడతారు. కేస్ మెడ కూడా పేల్చినప్పుడల్లా ఉబ్బి, డైలో ముడుచుకుని, మాండ్రెల్‌తో తెరుచుకుని, ప్రతిసారీ కొంచెం కొంచెం గట్టిపడుతుంది. మొదటిసారి వాడిన కేసుకీ ఆరోసారి వాడుతున్న కేసుకీ ఒకే మాండ్రెల్ పెట్టినా స్ప్రింగ్ బ్యాక్ ఒకేలా రాదు. అందుకే కొంతమంది మెడని వేడిచేసి మెత్తబరుస్తారు. ఏదేమైనా, కొత్తవీ పాతవీ కలిపేసిన కేసుల డబ్బాకి ఏ మాండ్రెల్ కొన్నా న్యాయం చేయలేదు.

లోహంలో దాగిన ఈ బిగువు గురించి ప్రపంచానికి పాఠం చెప్పింది మన దేశపు వానాకాలమే అంటే నమ్ముతారా? 19వ శతాబ్దంలో బ్రిటిష్ సైన్యం ఇండియాలో వానలు పడ్డన్నాళ్లూ తూటాల్ని గుర్రపుశాలల్లో నిల్వ ఉంచేది. వానలు వెలిశాక చూస్తే చాలా కేసులు పగిలిపోయి ఉండేవి. ముఖ్యంగా బుల్లెట్‌ని పట్టుకుని నొక్కిన చోట. వానాకాలంలో వస్తున్న పగుళ్లు కాబట్టి 'సీజన్ క్రాకింగ్' అని పేరు పెట్టారు. అసలు కారణం 1921లో గానీ తేలలేదు. గుర్రాల మూత్రంలోంచి వచ్చే అమ్మోనియా, చల్లగా ఉన్న లోహాన్ని సాగదీసి వంచినప్పుడు అందులో మిగిలిపోయిన ఒత్తిడి, ఈ రెండూ కలిసి ఇత్తడిని చీల్చేశాయి. ఇత్తడిలో మిగిలే ఒత్తిడి కంటికి కనిపించదు గానీ లోహం దాన్ని మర్చిపోదు.

ముందు కడ్డీని కొలవండి

మాండ్రెల్ పెట్టె మీద 0.2625 అని రాసి ఉంటుంది. లోపలున్నది అంతేనా? చూడాలి. చౌక డిజిటల్ క్యాలిపర్ తెర మీద నాలుగు దశాంశ స్థానాలు మెరుస్తాయి గానీ, దాని నమ్మకం సాధారణంగా ప్లస్ ఆర్ మైనస్ ఒక థౌ. అర థౌ తేడాని పట్టుకోవడానికి ఒక థౌ తప్పు చెప్పే పరికరం వాడితే ఏం లాభం? బియ్యం కాటా మీద బంగారం తూచినట్టు.

దీనికి మైక్రోమీటరు కావాలి. అంగుళంలో పదివేల వంతు దాకా చదవగలిగింది. దాన్ని వాడే పద్ధతి మన స్క్రూగేజి పద్ధతే:

ఒకటి. ముఖాలు రెండూ తుడిచి, మూసి, శూన్య దోషం చూడండి. ల్యాబ్‌లో మార్కుల కోసం రాసిన ఆ 'జీరో ఎర్రర్ కరెక్షన్' ఇక్కడ నిజంగా పనికొస్తుంది.

రెండు. కొలత తెలిసిన గేజ్ బ్లాకుని ఒకదాన్ని కొలిచి మైక్రోమీటరు నిజమే చెబుతోందని నిర్ధారించుకోండి.

మూడు. బిగించేటప్పుడు రాచెట్ టిక్ టిక్ మనేదాకానే. చేతి బలం వాడొద్దు.

నాలుగు. మాండ్రెల్‌ని మొదట, మధ్య, చివర మూడు చోట్ల, ఒక్కోచోట తిప్పి రెండు దిక్కుల్లో కొలవండి. అన్నీ రాసుకోండి. కాసేపాగి మళ్లీ మొదట్నుంచి కొలవండి. రెండుసార్లకీ మధ్య ఎంత తేడా వచ్చిందో అదే మీ కొలత మీద మీకుండాల్సిన నమ్మకం.

గది వేడి సంగతేంటి అని అడుగుతారేమో. ప్రామాణిక కొలతలన్నీ 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర చెబుతారు. కానీ ఇంత సన్నటి ఉక్కు కడ్డీ పది డిగ్రీలు వేడెక్కినా మైక్రాన్ కన్నా తక్కువే పెరుగుతుంది. అర థౌ అంటే దాదాపు 13 మైక్రాన్లు. కాబట్టి ఏసీ గురించి బెంగ వద్దు. ముఖాల మీది దుమ్ము, జిడ్డు గురించి బెంగ పెట్టుకోండి.

పైన గేజ్ బ్లాకులన్నాను కదా, వాటి పుట్టుక కూడా రైఫిల్ ఫ్యాక్టరీలోనే. స్వీడన్‌లోని ఎస్కిల్‌స్టూనా రైఫిల్ ఫ్యాక్టరీలో కార్ల్ ఎడ్వర్డ్ యోహాన్సన్ అనే పనివాడు ఉండేవాడు. జర్మనీలో మౌజర్ ఫ్యాక్టరీకి వెళ్లి, ఒక్కో కొలతకి ఒక్కో గేజి చొప్పున అక్కడ పేరుకున్న గుట్టల్ని చూశాడు. వందకు పైగా ఉక్కు దిమ్మల్ని చేసుకుని, వాటిని ఒకదానికొకటి జతచేస్తూ వేల కొలతలు తెప్పించొచ్చని 1896లో ఆలోచన చేశాడు. మన పాత తూకం రాళ్ల లాజిక్కే. ఈ రోజుకీ ప్రపంచంలో ఫ్యాక్టరీల కొలతలు ఆ దిమ్మల మీదే నిలబడి ఉన్నాయి.

తర్వాత మెడని కొలవండి

కడ్డీని కొలవడం సులువు. మెడ లోపల కొలవడమే అసలు పరీక్ష. చాలామంది క్యాలిపర్ పైన ఉండే చిన్న కొక్కేల్ని మెడలో పెట్టి తెరుస్తారు. ఆ కొక్కేల అంచులు చదునుగా ఉంటాయి, రంధ్రమేమో గుండ్రం. చదును అంచు గుండ్రటి గోడకి మధ్యలో ఆనదు, రెండు మూలల దగ్గర ఆనుతుంది. ఆ చదును మొత్తం అర మిల్లీమీటరు వెడల్పు ఉంటే చాలు, 0.262 అంగుళం రంధ్రం దాదాపు 0.7 థౌ చిన్నదిగా కనిపిస్తుంది. పైథాగరస్ లెక్కే, మీరూ వేసి చూడొచ్చు. రెండు మాండ్రెల్స్ మధ్య తేడా కన్నా ఈ తప్పే పెద్దది!

దీనికి మంచి దారి పిన్ గేజ్. కచ్చితమైన వ్యాసంతో చేసిన ఉక్కు పుల్లలు. 0.261 పిన్ను మెడలోకి నున్నగా దిగి, 0.262 దిగకపోతే మీ మెడ ఆ రెంటికీ మధ్యలో ఉంది. బలవంతంగా తోయొద్దు, తోస్తే పిన్నే మాండ్రెల్ అయిపోతుంది. పిన్నులకీ తరగతులుంటాయి. 'జడ్‌జడ్' తరగతి పిన్నులో 0.0002 అంగుళం దాకా తేడా ఉండొచ్చు. 'ఎక్స్' తరగతిలో 0.00004. మన పనికి జడ్‌జడ్ చాలు, కాకపోతే ఆ పిన్నుల్ని కూడా మైక్రోమీటరుతో ఒకసారి చూసి, అసలు అంకెల్ని చీటీ మీద రాసి పెట్టుకోవాలి.

పిన్నులు లేకపోతే ఇంకో పద్ధతి ఉంది. బుల్లెట్ పెట్టకముందు మెడ బయటి వ్యాసం కొలవండి, పెట్టాక మళ్లీ కొలవండి. ఎంత ఉబ్బిందో అదే దాదాపుగా మీ నెక్ టెన్షన్. ఖాళీ మెడ మెత్తన కాబట్టి మైక్రోమీటరు బిగువు అన్నిసార్లూ ఒకేలా ఉండాలి.

ఇలా ఒక్క కేసుని కాదు, ఇరవై కేసుల్ని కొలవండి. అప్పుడు రెండు విషయాలు తెలుస్తాయి. సగటున మెడ ఎక్కడ ఆగింది, ఇరవై మెడల మధ్య ఎంత చెదురుంది. మొదటిది సరిపోకపోతే అర థౌ పెద్దదో చిన్నదో మాండ్రెల్ కొనాలి. రెండోది ఎక్కువుంటే ఏ మాండ్రెల్ కొన్నా ప్రయోజనం లేదు. ఎన్నిసార్లు వాడిన కేసులో విడదీయాలి, జిడ్డు అన్నిటికీ ఒకేలా రాస్తున్నామా చూసుకోవాలి. ఈ ఇరవై కేసుల పరీక్షకి ఒక్క తూటా పేల్చక్కర్లేదు, పైసా ఖర్చు లేదు.

ఐదు గుండ్ల భ్రమ

మరి షూటర్లు మామూలుగా ఏం చేస్తారు? నాలుగు మాండ్రెల్స్ కొంటారు. ఒక్కోదానితో ఐదు తూటాలు చేసి, వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ పెట్టి పేలుస్తారు. వేగాల చెదురుని, అంటే స్టాండర్డ్ డీవియేషన్‌ని చూస్తారు. ఒకదానికి 9 వచ్చింది, ఇంకోదానికి 12 వచ్చింది. 9 వచ్చిందే గెలిచింది! మా అన్నయ్య కూడా ఇదే ప్లాన్‌తో ఉన్నాడు.

సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటివి రోజూ చూస్తాం. ప్రోగ్రాంని ఐదుసార్లు నడిపి, కొత్త కోడ్ పాతదానికన్నా ఫాస్ట్ అని సంబరపడిపోవడం. స్టాటిస్టిక్స్ ఏం చెబుతుందో చూడండి. ఐదు గుండ్లతో స్టాండర్డ్ డీవియేషన్ సెకనుకి 10 అడుగులు వచ్చిందనుకుందాం. అసలు విలువ 95 శాతం నమ్మకంతో 6 నుంచి 29 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. ముప్ఫై గుండ్లు పేలిస్తే ఆ మధ్య దూరం 8 నుంచి 13కి తగ్గుతుంది. ఐదేసి గుండ్లతో రెండు మాండ్రెల్స్‌ని పోల్చి ఒకటి మంచిదని గట్టిగా చెప్పాలంటే ఒకదాని చెదురు రెండోదానికి మూడు రెట్లు దాటి ఉండాలి. ముప్ఫైయేసి గుండ్లతో అయితే ఒకటిన్నర రెట్ల దగ్గర తేలుతుంది. 9కీ 12కీ తేడా అప్పుడు కూడా తేలదు!

సరే, ముప్ఫైయేసి పేలుద్దాం అంటే నాలుగు మాండ్రెల్స్‌కి 120 తూటాలు. ఖర్చు ఒక ఎత్తు, బ్యారెల్ అరుగుదల ఇంకో ఎత్తు. ఆయన వాడే 6.5 క్రీడ్‌మూర్ రకం బ్యారెల్ పోటీ స్థాయి గురి ఇచ్చేది సుమారు రెండు మూడు వేల గుండ్ల దాకానే అంటారు. అర థౌ తేడా కోసం అందులో 120 ఖర్చు పెట్టి, చివరికి "తేలలేదు" అని రాసుకోవాలి.

ఇదంతా చెబితే ఆయన మొహం కొంచెం వాడిపోయింది. "అయితే ఈ నాలుగూ కొనొద్దంటావా?"

"రెండు చాలు అన్నయ్యా. 0.262 ఒకటి, 0.2625 ఒకటి. మిగిలిన డబ్బుతో మంచి మైక్రోమీటరు, నాలుగు పిన్నులు కొనుక్కో. మాండ్రెల్ ఏది వాడాలో అవే చెబుతాయి."

చివరగా, కొనేముందు

ఈ హాబీ చట్టబద్ధంగా చేసుకునే వీలున్న మన తెలుగువాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, వరసగా ఇలా చేయండి. ముందు బుల్లెట్‌ని మైక్రోమీటరుతో కొలవండి. పేరు 0.264 అయినా అసలు అంకె లాట్‌ని బట్టి పదివేల వంతుల్లో అటూ ఇటూ ఉంటుంది. దాంట్లోంచి మీకు కావలసిన టెన్షన్ తీసేయండి. వచ్చినదానికి అర థౌ స్ప్రింగ్ బ్యాక్ కలిపి మొదటి మాండ్రెల్ ఎంచుకోండి. డై దానికన్నా ముందే మెడని ఒకటి రెండు థౌ ఎక్కువ బిగిస్తోందో లేదో చూసుకోండి. లేకపోతే మాండ్రెల్‌కి తెరవడానికేం మిగలదు. ఇరవై మెడలు కొలిచి, అవసరమైతేనే రెండో మాండ్రెల్ కొనండి. టెన్షన్‌ని రెండు మూడు థౌ దాటించడంలో పెద్ద లాభం కూడా లేదు. అక్కడినుంచి ఇత్తడి సాగిపోతుందే గానీ పట్టు అదే లెక్కన పెరగదు. మందు కొలతల విషయంలో మాత్రం తయారీదారుల పుస్తకాన్ని దాటి ఒక్క అడుగూ వేయకండి.

తుపాకీ మొహం ఎప్పుడూ చూడనివాళ్లు ఒక్క ప్రశ్న పట్టుకెళ్లండి చాలు. బీపీ మెషీన్, బంగారం కాటా, మైలేజీ మీటరు, ఫోన్ చూపించే అడుగుల లెక్క, ఏదైనా సరే, అది చూపించే తేడాని నమ్మేముందు అదే కొలతని వెంటనే ఇంకోసారి తీసుకుని చూడండి. రెండుసార్లకీ మధ్య వచ్చిన తేడా కన్నా చిన్న తేడా కోసం మందులు మార్చకండి, బండి మార్చకండి, షాపువాడితో గొడవ పడకండి.

వచ్చే వారం ఇంకో అంకెతో కలుద్దాం.